ప్రసార వృత్తి - విద్యాలయ నిర్ణయం

ప్రతి సంవత్సరం డిగ్రీ ఫలితాలు వెలువడిన తరువాత మా శాఖల గదులకు వచ్చే విద్యార్థుల సంఖ్య పెరుగుతుంది. కొందరు బి.ఎడ్. విషయం అడుగుతారు, కొందరు ఎం.ఏ.కు ఏ విశ్వవిద్యాలయం మేలని అడుగుతారు. కొంతకాలంగా మూడవ వర్గం ఒకటి బయలుదేరింది. వీరి చేతుల్లో రంగుల కరపత్రాలు ఉంటాయి. వాటి మీద మైకు పట్టుకొని చిరునవ్వు నవ్వుతున్న ఒక యువతి బొమ్మ, 'ఆరు నెలల్లో యాంకర్ కండి' అన్న వాగ్దానం, చివర ఒక ఫోన్ నంబరు తప్పనిసరిగా ఉంటాయి. ఏ సంస్థలో చేరితే రేడియోలోగాని టెలివిజన్‌లోగాని ఉద్యోగానికి తగిన శిక్షణ లభిస్తుందన్నది వీరి ప్రశ్న.

ఈ ప్రశ్నకు రెండు సంవత్సరాల క్రితం మేము ఒక తప్పు సమాధానం చెప్పాము. ఈ వ్యాసానికి కారణం అదే కాబట్టి దానిని దాచడం ధర్మం కాదు. మా కళాశాలలో బి.ఏ. పూర్తి చేసిన ఒక విద్యార్థిని అటువంటి కరపత్రం ఒకటి తెచ్చి మా ముందు ఉంచింది. తండ్రి దర్జీ పని చేసే కుటుంబం. మేమిద్దరం, ఒకరు తెలుగు శాఖ, మరొకరు ఉర్దూ శాఖ, ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, స్టూడియో బొమ్మ కూడా ఉన్నది గనుక 'బాగానే ఉన్నట్టుంది, చేరమ్మా' అన్నాము. ఆరు నెలల తరువాత ఆమె తిరిగి వచ్చి ఒక చిన్న నోటుబుక్కు చూపించింది. తరగతి జరిగిన ప్రతిరోజూ తాను మైకు ముందు ఎంతసేపు మాట్లాడినదీ అందులో రాసుకున్నది. 'సార్, మొత్తం కలిపితే నలభై నిమిషాలు కూడా కాలేదు' అన్నది. మిగిలిన కాలమంతా అలంకరణ, నడక, ఫోటోలు, సంభాషణా చాతుర్యం పేరిట ఇంగ్లీషు పాఠాలు. ఆ కుటుంబం చెల్లించిన ఫీజును నలభై చేత భాగించి చూస్తే నిమిషానికి ఎంత పడ్డదో లెక్క వేయడానికి మాకు ధైర్యం చాలలేదు.

ఆ నోటుబుక్కు మాకు ఒక కొలబద్దను ఇచ్చింది. ప్రసార విద్య నేర్పుతామనే ఏ సంస్థనైనా పరిశీలించేటప్పుడు మొదట అడగవలసిన ప్రశ్న ఒకటే: ఒక్కొక్క విద్యార్థి కంఠం గాని చెయ్యి గాని యంత్రం మీద ఎన్ని గంటలు ఉంటుంది? భవనం, పేరు, గోడమీది ఫోటోలు, సర్టిఫికెట్టు మీది ముద్ర, ఇవన్నీ ఆ తరువాతి విషయాలు. ఈత నేర్చుకొనే వాడు చెరువు గట్టున ఎన్ని ఉపన్యాసాలు విన్నాడని ఎవరూ అడగరు గదా.

అసలు మన నగరంలో ప్రసార కళ ఏ బడీ లేకుండానే పుట్టింది. నిజాం ప్రభుత్వం 1935లో తన చేతికి తీసుకున్న దక్కన్ రేడియో ఉర్దూతోబాటు తెలుగు, మరాఠీ, కన్నడ భాషలలో కూడా కార్యక్రమాలు ప్రసారం చేసింది. 1950 ఏప్రిల్ 1న అది ఆలిండియా రేడియోలో విలీనమైంది. అంతకుముందే, 1948 డిసెంబరులో, విజయవాడ కేంద్రం ప్రారంభమైంది. ఆ రోజులలో మైకు ముందు కూర్చున్నవారు కవులు, నాటక కళాకారులు, సంగీత విద్వాంసులు, పండితులు. వారికి స్టూడియోయే పాఠశాల. తప్పు పలికితే పక్కనున్న పెద్దలు అక్కడికక్కడే సవరించేవారు. బాలాంత్రపు రజనీకాంతరావు వంటి వారు కవిత్వాన్ని, సంగీతాన్ని, ప్రసారాన్ని ఒకే చేత్తో నడిపించిన తరమది. ఆనాటి ప్రసారాలను నేటికీ తలచుకొనేవారున్నారంటే, దానికి కారణం వారికి ముందుగా భాష వచ్చి ఉండటం, మైకు తరువాత రావటం అని మేమనుకొంటాము. ఇప్పటి కరపత్రాలలో ఈ క్రమం తలక్రిందులైనది.

ప్రసార విద్యకు ప్రత్యేక సంస్థలు తరువాత వచ్చాయి. భారతీయ జనసంచార సంస్థ 1965లో ఢిల్లీలో ఏర్పడింది. పూణేలో 1960లో ప్రారంభమైన ఫిల్మ్ సంస్థకు టెలివిజన్ విభాగం చేరి, 1974లో అది పూణేకే తరలివచ్చింది. దూరదర్శన్ సిబ్బందికి తర్ఫీదు ఇవ్వటం ఆ విభాగపు తొలి బాధ్యత. 1975-76లో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలోని 2400 గ్రామాలకు టెలివిజన్ చూపించిన ప్రయోగంలో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఒకటి. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం వచ్చింది. 1982లో జామియా మిల్లియాలో జనసంచార పరిశోధన కేంద్రం, 1984లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం వారి విద్యా టెలివిజన్ ప్రసారాలు ఆరంభమైనాయి. అంతవరకు ఉద్యోగాలు ఇచ్చేది ప్రభుత్వం ఒక్కటే, శిక్షణ ఇచ్చేదీ చాలావరకు ప్రభుత్వమే. 1995లో వాయు తరంగాలు ప్రభుత్వ గుత్త సొత్తు కావని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అదే సంవత్సరం ప్రైవేటు తెలుగు ఛానళ్లు మొదలయ్యాయి. 2001లో ఈటీవీ ఉర్దూ, 2006లో దూరదర్శన్ వారి ఉర్దూ ఛానల్ వచ్చాయి. ఛానళ్లు పెరిగిన కొద్దీ ఉద్యోగాలు పెరిగాయి, ఉద్యోగాలకంటె వేగంగా శిక్షణా దుకాణాలు పెరిగాయి.

ఇక సంస్థను చూడటానికి వెళ్లే విధానం గురించి చెప్పాలి. కరపత్రం చూసి, ఫోన్‌లో మాట్లాడి ఫీజు కట్టరాదు. స్వయంగా వెళ్లాలి. అదీ ప్రవేశాల రోజున కాదు, తరగతులు జరుగుతున్న మామూలు రోజున, మధ్యాహ్నం తరువాత వెళ్లాలి. స్టూడియో తలుపు తెరిచి ఉన్నదా, తాళం వేసి ఉన్నదా చూడాలి. తాళం మీద దుమ్ము ఉంటే వెంటనే తిరిగి రావచ్చు. తెరిచి ఉంటే లోపల ఎవరున్నారో చూడాలి: విద్యార్థులా, లేక బయటివారికి అద్దెకు ఇచ్చారా? కొన్ని చోట్ల స్టూడియో ఉన్న మాట వాస్తవమే గాని దాని ఆదాయం అద్దె మీద. విద్యార్థులకు దర్శనం మాత్రమే. ఒక తరగతిలో ఎందరున్నారు, కెమెరాలు ఎన్ని, కూర్పు చేసే కంప్యూటర్లు ఎన్ని, సాయంత్రం తరగతులు ముగిసిన తరువాత వాటిని వాడుకోనిస్తారా అని అడగాలి. అరవైమందికి రెండు కెమెరాలు ఉన్నచోట రెండేళ్లు చదివినా మిగిలేది వరుసలో నిలబడిన అనుభవమే.

గత సంవత్సరపు విద్యార్థులు చేసిన పనిని వినిపించమని, చూపించమని కోరండి. మంచి సంస్థ సంతోషంగా చూపిస్తుంది. సాకులు చెప్పే సంస్థ దగ్గర చూపించదగినది లేదని అర్థం. ఆ విద్యార్థులలో ఇద్దరు ముగ్గురితో విడిగా మాట్లాడండి. 'నూటికి నూరు ఉద్యోగాలు' అని బోర్డు మీద ఉంటే ఏ సంస్థలో, ఏ పనికి, ఎంత జీతానికి అని అడగండి. బోధించేవారు ఎవరన్నది మరొక ముఖ్య విషయం. ప్రసిద్ధ వార్తా పాఠకుని పేరు కరపత్రంలో ఉంటుంది. ఆయన సంవత్సరానికి ఒకసారి వచ్చి పూలదండ వేయించుకొని వెళ్తారు. రోజూ తరగతికి వచ్చి, విద్యార్థి చదివినదాన్ని రికార్డు చేసి, మళ్లీ వినిపించి, 'ఇక్కడ ఊపిరి తప్పు చోట తీసుకున్నావు, ఇక్కడ వాక్యాంతాన్ని మింగేశావు' అని చెప్పే ఉపాధ్యాయుడు ఎవరో ఆయన పేరు తెలుసుకోవాలి. ఆయనకు ప్రసిద్ధి లేకపోయినా నష్టం లేదు.

భాష సంగతికి వస్తున్నాము. మన కళాశాల విద్యార్థులకు ఇది తక్కినవన్నిటికంటె దగ్గరి విషయం కనుక ఇక్కడ కొంచెం ఎక్కువసేపు నిలుస్తాము.

మీలో అనేకులు ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, లేదా ఇంట్లో తెలుగు, స్నేహితులతో దక్కనీ మాట్లాడుతూ పెరిగినవారు. దీనిని మీరు లోపంగా భావిస్తున్నారని మాకు తెలుసు. 'మాది స్వచ్ఛమైన భాష కాదు సార్' అంటారు. ఎవరిది స్వచ్ఛమైనది? రేడియో సిలోన్‌లో 1952 నుండి గీత్‌మాలా కార్యక్రమాన్ని నడిపి దేశమంతటినీ వారానికొకసారి రేడియో ముందు కూర్చోబెట్టిన అమీన్ సయానీని, తొలినాళ్లలో ఆకాశవాణి స్వర పరీక్షలో కాదన్నారు. హిందీలో గుజరాతీ, ఇంగ్లీషు జాడలు ఎక్కువగా ఉన్నాయన్నది కారణం. ఆయన తల్లి కుల్సుమ్ సయానీ కొత్తగా చదువు నేర్చినవారి కోసం 'రహబర్' అనే పత్రికను నాగరి, ఉర్దూ, గుజరాతీ లిపులు మూడింటిలో నడిపేవారు. కుమారుడు ఆ పనిలో సాయపడుతూ పెరిగాడు. మూడు లిపుల మధ్య అందరికీ అర్థమయ్యే సరళమైన మాటను వెతకడం ఆయనకు అక్కడే అబ్బింది. స్వర పరీక్షలో దోషంగా లెక్కకు వచ్చిన ఆ ఇల్లే ఆయన నిజమైన శిక్షణాలయమైనది. 2024లో ఆయన కన్నుమూసేనాటికి కూడా ఆ కంఠాన్ని గుర్తుపట్టనివారు అరుదు.

కాని రెండు భాషలు వచ్చి ఉండటం వేరు, రెంటినీ శుద్ధంగా పలకడం వేరు. ఈ తేడాను కనిపెట్టి దిద్దగల ఉపాధ్యాయులున్న సంస్థే మీకు తగిన సంస్థ. ఒక ఉదాహరణ చాలు. ఉర్దూలో 'జీమ్' అక్షరంతో రాసే జలీల్ అంటే మహనీయుడు. 'జాల్' అక్షరంతో రాసేది అంటే నీచుడు. తెలుగు లిపిలో రెంటికీ తేడా తెలియదు. జలీల్ అనే పెద్దమనిషి పేరును వార్తలలో అక్షరం మార్చి పలికితే అది వార్త కాదు, దూషణ అవుతుంది. ఆ మాట వెనక్కు రాదు. అలాగే మన హైదరాబాదీలు 'కలమ్'ను 'ఖలమ్' అంటారు. ఇరుగుపొరుగు మాటలలో అది మన ముద్దు. ఉర్దూ వార్తలలో మాత్రం దోషమే. ఉర్దూ మాతృభాషగా గల విద్యార్థి తెలుగు చదివేటప్పుడు 'కళ' 'కల'గా, 'కళాశాల' 'కలాశాల'గా మారుతుంది; ణకారం నకారంలో కలిసిపోతుంది. తెలుగు మాతృభాషగా గలవారూ గర్వించవలసిన పని లేదు. 'ఫలితాలు' అన్న మాటను పెదవి పంటికి ఆనించి ఇంగ్లీషు ధ్వనితో పలికేవారే నూటికి తొంభైమంది. ఇక 'జలము'లోని జకారం వేరు, 'జల్లెడ'లోని జకారం వేరు. 'చలనము', 'చలి' అన్న మాటలలోని చకారాలు కూడా అంతే. పూర్వం ఈ రెండవ రకానికి వేరే గుర్తు ఉండేది. ఉర్దూ 'జిందగీ'లోని ధ్వని ఈ 'జల్లెడ' జకారానికి దగ్గరగా ఉంటుందని మేము తరగతిలో చెప్పినప్పుడు ఇరువైపుల విద్యార్థులూ ఆశ్చర్యపోయారు. ఒకరి కష్టమైన అక్షరం మరొకరి నోట సులభంగా పలుకుతుంది. ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి నేర్పే సంస్థ ఎక్కడ ఉంటే అక్కడ ఫీజు కొంచెం ఎక్కువైనా ఆలోచించవచ్చు.

వార్తా విభాగంలో ఉచ్చారణకంటె ముందుగా కావలసినది అనువాదం. వార్తా సంస్థల నుండి వచ్చే సమాచారంలో అధిక భాగం ఇంగ్లీషులో ఉంటుంది. గడియారం ముల్లు తిరుగుతుండగా దానిని తెలుగులోకో ఉర్దూలోకో తిప్పాలి. ఇంగ్లీషువారి ఒక మిలియన్ మన పది లక్షలు, ఒక బిలియన్ మన వంద కోట్లు. ఈ చిన్న లెక్కలో తొట్రుపడి వరద నష్టాన్ని పదింతలు చేసినవారున్నారు. 1917లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం నెలకొల్పిన అనువాద విభాగం శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చిన ఊరు ఇది. ఈ ఊరి విద్యార్థులకు అనువాదం కొత్త విద్య కానక్కరలేదు. మీరు చూడబోయిన సంస్థ పాఠ్యప్రణాళికలో అనువాదం ఉన్నదా, ఉంటే మీ భాషలోకి ఉన్నదా అని తప్పక చూడండి. బోధనంతా ఇంగ్లీషులో, అభ్యాసాలన్నీ ఇంగ్లీషులో సాగే చోట రెండేళ్లు చదివి బయటకు వచ్చి తెలుగు ఛానల్‌లో మొదటి రోజున నోరు తెరవలేకపోయినవారిని మేమెరుగుదుము.

మరొక కారణం కూడా ఉన్నది. 2023లో ఒడిషాలోని ఒక ఛానల్ 'లీసా' పేరిట యంత్రం సృష్టించిన స్త్రీ రూపంతో వార్తలు చదివించింది. ఇతర భాషలలోనూ అటువంటి ప్రయోగాలు జరిగాయి. కాగితం మీద ఉన్నదాన్ని తప్పు లేకుండా చదవడం మాత్రమే నేర్పే శిక్షణకు ఇక భవిష్యత్తు తక్కువ. వార్తను వెతికి తెచ్చే, తిప్పి రాసే, అవతలివానిని ప్రశ్న అడిగే విద్యను యంత్రం ఇంకా మన చేతిలోనే ఉంచింది. తెలుగులో తొలి టెలివిజన్ వార్తా పాఠకుడు శాంతిస్వరూప్ 1983లో వార్తలు చదవనారంభించినప్పుడు ఎదుట అక్షరాలు చూపే టెలిప్రాంప్టర్ లేదు. వార్తను ముందుగా గ్రహించి మనసులో నిలుపుకొని కెమెరా వైపు చూసి చెప్పవలసి వచ్చేది. అర్థం కాని వార్తను ఆ విధంగా ఎవరూ చెప్పలేరు.

ఇక మనకు అందుబాటులో ఉన్న విద్యాలయాల మాట. ఉస్మానియాలో జర్నలిజం శాఖ 1954లో ఏర్పడింది. ఫీజు భారం తక్కువ, పేరు పాతది, మన నగరంలోనే ఉన్నది. ఆ విశ్వవిద్యాలయంలోనే విద్యా చిత్రాలు తీసే కేంద్రం కూడా ఉన్నది కాబట్టి దాని పరికరాల మీద విద్యార్థులకు ఎంత అవకాశం దొరుకుతుందో అడిగి తెలుసుకోండి. హైదరాబాదు విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు కళా, ప్రసార విభాగంలో బోధన ఇంగ్లీషులో, పోటీ దేశవ్యాప్తం. అక్కడ 'బోల్ హైదరాబాద్' అనే ప్రాంగణ రేడియో ఉన్నది. మా కొలబద్దకు నిలిచే ప్రధాన అంశం అదే. 1998లో పార్లమెంటు చట్టం ద్వారా ఏర్పడి గచ్చిబౌలిలో నెలకొన్న మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో జర్నలిజం బోధన ఉర్దూ మాధ్యమంలో సాగుతుంది. ఉర్దూ మాధ్యమం నుండి వచ్చినవారికి ఇంత దగ్గరగా ఇటువంటి వసతి మరొకటి లేదు. మన విద్యార్థులు మాత్రం దానిని తేలికగా తీసిపారేసి, దూరపు కొండలకేసి చూస్తారు. తెలుగు విశ్వవిద్యాలయంలో కూడా జర్నలిజం శాఖ కలదు.

దూరం వెళ్లగలవారికి ఢిల్లీలోని జామియా మిల్లియా కేంద్రం ఆదర్శప్రాయమైనది. అక్కడి ఎం.ఏ.లో రేడియో, టెలివిజన్, చిత్ర నిర్మాణం కలిపి నేర్పుతారు. సీట్లు కొద్ది, ప్రవేశ పరీక్ష కఠినం. మేము చెప్పే ఒకే ఒక సలహా: ఇంగ్లీషుకు భయపడి దరఖాస్తు మానవద్దు. భారతీయ జనసంచార సంస్థలో రేడియో, టెలివిజన్ జర్నలిజం కోర్సుతోబాటు ఉర్దూ జర్నలిజం కోర్సు కూడా ప్రసిద్ధమైనది. 2024లో ఆ సంస్థకు విశ్వవిద్యాలయ ప్రతిపత్తి లభించింది. కెమెరా, శబ్దగ్రహణం, కూర్పు వంటి తెరవెనుక పనులపై మనసున్నవారికి పూణే. ఈ తెరవెనుక పనుల గురించి మన విద్యార్థులు ఎన్నడూ అడగరు, అందరికీ తెర ముందరే కావాలి. ఒక అనౌన్సరు మాట వినపడాలంటే లోపల ఎందరు పనిచేస్తారో ఒకసారి సైఫాబాదులోని ఆకాశవాణికి గాని, రామంతాపూర్‌లోని దూరదర్శన్‌కు గాని అనుమతి తీసుకొని వెళ్లి చూస్తే తెలుస్తుంది. ఎలక్ట్రానిక్స్ చదివిన విద్యార్థులకు ప్రసార రంగంలో ఉన్న దారులు వేరే వ్యాసానికి తగిన విషయం.

కొన్ని పత్రికలు, ఛానళ్లు తమ సొంత పాఠశాలలు నడుపుతాయి. పరీక్ష పెట్టి తీసుకొంటాయి, నేర్చుకొనే కాలంలో కొంత భృతి కూడా ఇస్తాయి. పేదవానికి ఇది గొప్ప మార్గం. ఒప్పంద పత్రం మాత్రం సంతకానికి ముందు పూర్తిగా చదవాలి; ఎన్నేళ్లు అక్కడే పనిచేయాలో, మధ్యలో మానితే ఎంత చెల్లించాలో అందులో ఉంటుంది.

ఫీజు సంగతి రెండు మాటలలో చెబుతాము. విశ్వవిద్యాలయ గుర్తింపు లేని సంస్థ ఇచ్చే డిప్లొమా ఎంత అందంగా ఉన్నా ఉన్నత విద్యకు గాని, డిగ్రీ కోరే ప్రభుత్వ ఉద్యోగానికి గాని పనికిరాదు. గుర్తింపు ఉన్నదా, ఫీజు రీయింబర్స్‌మెంటు వర్తిస్తుందా, మధ్యలో మానుకొంటే సొమ్ము తిరిగి ఇస్తారా అన్నవి నోటిమాటగా కాక కాగితం మీద అడగాలి. నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాను విశ్వవిద్యాలయ నిధుల సంఘం ప్రకటిస్తూ ఉంటుంది, దానినీ చూడాలి. ఆడపిల్లలను పంపే తల్లిదండ్రులు హాస్టలును మాత్రమే చూసి తృప్తి పడుతున్నారు. ప్రసార విద్యలో అభ్యాసం రాత్రి వేళ కూడా జరుగుతుంది. స్టూడియో నుండి హాస్టలుకు రాత్రి ఎనిమిది గంటలకు అమ్మాయి ఎలా చేరుతుందో అడిగి తెలుసుకోవటం ఇంకా అవసరం. సరైన జవాబు దొరికితే నిశ్చింతగా పంపించవచ్చు. జవాబు లేనందువల్ల అమ్మాయి సాయంత్రం ఐదింటికే గది చేరుకుంటే, అబ్బాయిలు నేర్చినదానిలో సగమే ఆమె నేర్చుకుంటుంది, ఫీజు మాత్రం పూర్తిగా కడుతుంది.

శిక్షణ ముగిశాక ఏమి దొరుకుతుందన్నది కూడా ముందే తెలిసి ఉండటం మంచిది. ఆకాశవాణి కేంద్రాలు అవసరాన్నిబట్టి క్యాజువల్ అనౌన్సర్లను తీసుకొంటాయి. రాత పరీక్ష, స్వర పరీక్ష, ఆపైన 'వాణి' అనే చిన్న శిక్షణ ఉంటాయి. ఎంపికైనా నెలకు కొద్ది డ్యూటీలే లభిస్తాయి. దానిమీదనే కుటుంబం గడవదు. ఉపాధ్యాయ వృత్తితోనో పత్రికా రచనతోనో కలుపుకొని ఆ గౌరవాన్ని నిలుపుకొన్నవారు ఎందరో ఉన్నారు. ప్రైవేటు ఛానళ్లలో మొదటి జీతాలు కరపత్రాలలో చెప్పినంత ఉండవు.

అయినప్పటికీ, డిగ్రీ చదువుతుండగానే ప్రారంభించడానికి డబ్బు అక్కరలేదు. 1969లో ఢిల్లీలో ప్రారంభమైన ఆకాశవాణి యువవాణి కార్యక్రమం ఎందరో కళాశాల విద్యార్థులకు తొలి మైకును అందించింది. విద్యాసంస్థలు సొంత రేడియో పెట్టుకోవడానికి ప్రభుత్వం 2002లో అనుమతినిచ్చింది, 2006లో స్వచ్ఛంద సంస్థలకు కూడా అవకాశం కల్పించింది. జహీరాబాదు సమీపంలోని మాచనూరు గ్రామంలో 2008 నుండి దళిత స్త్రీలు నడిపిన సంగం రేడియో ఆ విధంగా వచ్చినదే. నరసమ్మ పేరుగల ఇద్దరు అక్కడ మైకులు సర్ది, రికార్డింగులు చేసి, తమ ఊళ్ల భాషలోనే విత్తనాల గురించి, పాటల గురించి, వంటల గురించి ప్రసారం చేశారు. వారు ఏ నగరపు సంస్థకూ ఫీజు కట్టలేదు. మా కొలబద్ద ప్రకారం వారి అభ్యాసాన్ని నిమిషాలలో కాదు, సంవత్సరాలలో లెక్కించాలి.

కళాశాల కమిటీ పెద్దలకు ఈ సందర్భంలో ఒక విన్నపం. సొంత రేడియో కేంద్రం స్థాపించమని మేము అడగటం లేదు. దానికి లైసెన్సు, యంత్రాలు, నిర్వహణ వ్యయం అన్నీ కావాలి. గ్రంథాలయం ప్రక్కన పాత బెంచీలు పెట్టిన చిన్న గది ఒకటి ఉన్నది. దానిని ఖాళీ చేయించి, గోడలకు మందపాటి తెరలు, కింద ఒక పాత తివాచీ, ఒక మంచి మైకు, ఒక కంప్యూటరు ఇప్పిస్తే చాలు. తెరల బట్ట కుట్టే ఖర్చు ఉండదు, దానికి మాట ఇచ్చినవారున్నారు. సంవత్సరానికి ఒకసారి తెలుగు, ఉర్దూ భాషలలో వార్తా పఠన పోటీ పెడితే దాని న్యాయనిర్ణేతలుగా ఆకాశవాణి విశ్రాంత ఉద్యోగులను ఆహ్వానించే బాధ్యత మేము తీసుకొంటాము.

అంతవరకు సోమ, గురువారాలలో మధ్యాహ్నం మూడున్నర తరువాత తెలుగు శాఖ గదిలో అభ్యాసం జరుగుతున్నది. ఆనాటి రెండు దినపత్రికలు, ఒకటి తెలుగు, ఒకటి ఉర్దూ, బల్లమీద ఉంటాయి. ఫోనులో రికార్డు చేసి అందరూ కలిసి వింటారు. నోటుబుక్కు అమ్మాయి ఇప్పుడు ఉర్దూ విశ్వవిద్యాలయంలో ప్రవేశానికి దరఖాస్తు పెట్టుకొని, ఫలితం కోసం ఎదురుచూస్తూ, ఆ రెండు రోజులూ వస్తున్నది. కొత్తగా చేరినవారి పేర్లకు ఎదురుగా నిమిషాలు వేసే పని ఆమె చూసుకొంటున్నది. గత గురువారం వరకు ఆమె పేరు ఎదుట ఉన్న మొత్తం 11 గంటల 20 నిమిషాలు.